క్షమాపణ లేని పాపం: అర్థవిచారణ

క్రైస్తవ విశ్వాసానికి క్షమ కేంద్రం. సుంకరి, వ్యభిచారిణి, సిలువ మీది దొంగ వంటి వారిని సువార్తలు కరుణకు పాత్రులుగానే చూపుతాయి. అటువంటి గ్రంథంలోనే ఒక పాపానికి మాత్రం క్షమాపణ లేదన్న హెచ్చరిక కనిపిస్తుంది. మత్తయి 12, మార్కు 3, లూకా 12 అధ్యాయాలు ఆ పాపాన్ని పరిశుద్ధాత్మ దూషణగా పేర్కొంటాయి. దైవకరుణ అనంతమైతే దానికి ఈ హద్దు ఎక్కడిది? హద్దు లేదంటే ఈ హెచ్చరికకు అర్థమేమిటి? ఇది కేవలం తార్కిక సమస్య కాదు. ఈ వాక్యాన్ని చదివి తమకిక గతి లేదని కుమిలిపోయిన విశ్వాసులు చరిత్రలో ఎందరో ఉన్నారు. ఆ హద్దు క్షమించేవానిలో లేదనీ, ఫలానివారు దానిని దాటారని నిర్ణయించే అధికారం మనిషికి లేదనీ ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం.

సందర్భం, శ్రోతలు

మార్కు కథనంలో ఈ మాటలకు నిర్దిష్టమైన సందర్భం ఉంది. యెరూషలేము నుండి వచ్చిన శాస్త్రులు యేసు చేస్తున్న స్వస్థతలను చూసి, అవి దయ్యాల అధిపతి బలంతో జరుగుతున్నాయన్నారు. మత్తయి ప్రకారం ఆ విమర్శకు ముందు స్వస్థత పొందినవాడు గుడ్డివాడు, మూగవాడు. చూపు, మాట తిరిగి వచ్చిన మనిషి కళ్ళెదుటే ఉన్నాడు. ఆ మేలును వారు కాదనలేదు. దానికి కీడు అని పేరు పెట్టారు. యేసు హెచ్చరిక దానికి సమాధానం.

ఇక్కడ రెండు అంశాలు గమనార్హం. మొదటిది, మనుషుల పాపాలన్నీ, దూషణలన్నీ క్షమింపబడతాయన్న విశాలమైన వాగ్దానం ముందు వస్తుంది. మినహాయింపు దాని వెంట వస్తుంది. రెండవది, ఆ మాటలు విన్నవారు బలహీనులైన పాపులు కారు. ధర్మాన్ని నిర్ణయించే అధికారం గల పండితులు. అయినా వారు ఆ పాపం చేసేశారని యేసు స్పష్టంగా ప్రకటించలేదు. పండితులను ఉద్దేశించిన ఈ హెచ్చరిక తరువాతి కాలంలో భయస్థులైన సామాన్యుల మీద ప్రయోగింపబడడం ఈ వాక్యచరిత్రలోని విషాదం.

దూషణ, క్షమ: పదవిచారం

తెలుగు బైబిలులోని 'దూషణ' అన్న మాటను నేడు తిట్టు అనే అర్థంలోనే గ్రహిస్తున్నాము. సంస్కృతంలో దీని మూలమైన 'దుష్' ధాతువుకు చెడుట అని అర్థం. దాని ప్రేరణరూపం చెడగొట్టడాన్ని చెబుతుంది. శాస్త్రులు చేసిన పనికి ఈ రెండవ అర్థమే చక్కగా సరిపోతుంది. మంచిని చెడుగా చూపడం వల్ల చూసే దృష్టే చెడుతుంది.

'క్షమ' సంగతి వేరు. మన మాట ఓర్పును సూచిస్తుంది. భూమికి ఆ పేరు రావడం అందుకే. గ్రీకు మూలంలోని క్రియకు విడిచిపెట్టడం, పోనివ్వడం అని అర్థం. అప్పు రద్దు చేయడం, బంధితుని విడిపించడం దాని భావపరిధిలోనివి. క్షమను ఓర్పుగా మాత్రమే గ్రహిస్తే, క్షమాపణ లేదనగానే దేవుని ఓర్పు నశించిందని తోస్తుంది. విడుదలగా గ్రహిస్తే ప్రశ్న మారుతుంది. తలుపు తెరిచినా, తెరిచినవానిని శత్రువుగా ఎంచి లోపలే ఉండిపోయేవానికి విడుదల ఎట్లా సాధ్యం?

వ్యాఖ్యాన సంప్రదాయం

క్రీ.శ. 250లో రోమన్ చక్రవర్తి డెసియస్ కాలపు హింసలో కొందరు క్రైస్తవులు ప్రాణభీతితో విశ్వాసాన్ని విడిచారు. వారిని తిరిగి సంఘంలో చేర్చుకోరాదని రోములో నొవేషియన్ వాదించాడు. కార్తేజి బిషప్పు సిప్రియన్, తగిన పశ్చాత్తాపం తరువాత చేర్చుకోవచ్చన్నాడు. సంఘం రెండవ మార్గాన్నే అనుసరించింది. మూడుమార్లు బొంకిన పేతురును అపొస్తలునిగా గౌరవించే సంఘానికి మొదటి మార్గం పొసగదు.

అగస్టీన్ ఆత్మదూషణను మరణపర్యంతం వీడని పశ్చాత్తాపరాహిత్యంగా వివరించాడు. దీని ఫలితం గొప్పది: ప్రాణమున్నంతవరకు ఏ మనిషినీ ఆ పాపం చేసినవానిగా నిర్ధారించే వీలు లేదు. థామస్ అక్వినాస్ దీనిని అసాధ్యరోగంతో పోల్చాడు. రోగం నయం కావడానికి ఉపకరించేదానినే అది తొలగిస్తుంది. అయినా దైవశక్తి అటువంటి రోగినీ ఒక్కొక్కప్పుడు అద్భుతంగా బాగుచేయగలదని ఆయన చేర్చాడు.

ఒక ఆక్షేపం

పశ్చాత్తాపం లేకపోవడమే ఈ పాపమైతే, పశ్చాత్తప్తుడు కానివాని ప్రతి పాపమూ క్షమాపణ లేనిదే కదా. దీని ప్రత్యేకత ఏమిటి? ఈ ఆక్షేపం బలమైనదే. తూకంలో మోసం చేసే వర్తకునికి సరైన రాయి ఏదో తెలుసు; ఆ తెలివి ఏదో ఒకనాడు అతనిని దోషిగా నిలబెడుతుంది. తప్పుడు రాయినే సరైనదని నమ్మడానికి అలవాటుపడినవానికి తన మోసాన్ని కనిపెట్టే సాధనం ఉండదు. ఇతర పాపాలు అంతరంగంలో సాక్షిని మిగుల్చుతాయి. ఈ పాపం సాక్షినే చెడగొడుతుంది. దీని ప్రత్యేకత ఇదే.

భయపడినవాని మాట

ఆంగ్ల రచయిత జాన్ బన్యన్ 1666లో ప్రచురించిన ఆత్మకథలో, తాను ఈ పాపం చేశానన్న భయంతో చాలాకాలం వేదన పడినట్లు రాశాడు. క్రీస్తును అమ్మివేయమని మనసులో పదేపదే వినిపించిన మాటకు ఒకనాడు లొంగిపోయాననీ, జ్యేష్ఠత్వాన్ని అమ్ముకున్న ఏశావు గతే తనకూ పట్టిందనీ కుమిలాడు. ఒక వృద్ధ విశ్వాసికి తన భయం చెప్పుకుంటే, ఆయన కూడా తనకూ అట్లాగే తోస్తున్నదన్నాడు. ఆ చిన్న సమాధానం ఎంతటి బరువును మోపి ఉంటుందో ఊహించవచ్చు. చివరికి కృపను గురించిన వాక్యమే అతని మనసులో ఏశావు వాక్యాన్ని జయించింది.

భయపడేవాడు ఈ పాపం చేసి ఉండడన్న ఓదార్పు పరిపాటిగా వినిపిస్తుంది. అది చాలావరకు సత్యమే. సాక్షి మిగిలి ఉన్నందుననే భయం కలుగుతుంది. కాని అంతటితో ఆగరాదు. అక్వినాస్ పేర్కొన్న ఆరు రకాల ఆత్మవిరోధ పాపాలలో నిరాశ ఒకటి, మితిమీరిన ధీమా మరొకటి. పైకి ఇవి పరస్పర విరుద్ధాలు. నాకు క్షమాపణ తప్పక వస్తుందనే ధీమా, నాకు ఎన్నటికీ రాదనే నిరాశ, రెండూ తీర్పును ముందే తమ చేతిలోకి తీసుకుంటాయి. కనుక భయస్థునికి చెప్పదగినది, అతని భయం నిరాశగా గడ్డకట్టకముందే, తీర్పు అతనిది కాదని.

నిష్కృతి లేదన్న మాట

ఇటువంటి వాక్యం మనకు కొత్త కాదు. రామాయణం కిష్కింధాకాండలో లక్ష్మణుడు, గోహత్య, సురాపానం, చౌర్యం, వ్రతభంగాలకు నిష్కృతి ఉన్నదనీ, కృతఘ్నతకు లేదనీ సుగ్రీవునితో అంటాడు. అయినా తార అనునయం తరువాత సుగ్రీవుడు కర్తవ్యానికి మరలుతాడు. రాముడు అతనిని ఆదరిస్తాడు. కృతఘ్నతా ఆత్మదూషణా ఒకటి కావు. కాని నిష్కృతి లేదన్న కఠినవాక్యం మనిషిని వెనుకకు మరల్చడానికి పలకబడగలదని ఆ ఘట్టం చూపుతుంది. హెచ్చరిక భాష వేరు, తీర్పు భాష వేరు. వాక్యనిర్మాణం ఒకటే అయినా, పలికిన సందర్భమే ఏది ఏదో నిర్ణయిస్తుంది.

ముగింపు

క్షమాపణ లేని పాపమన్నది కరుణకు గీసిన సరిహద్దు కాదు; కరుణను కీడుగా చూసే దృష్టికి ఇచ్చిన హెచ్చరిక. అది మొదట తాకింది మంచిచెడులను నిర్ణయించే పండితులను. ఎదుటనున్న మేలును అంగీకరిస్తే తమ స్థానానికి భంగమని దానికి మరో పేరు పెట్టడం విద్యావంతులకు సులువు. అందుకు కావలసిన భాష వారి దగ్గర ఉంటుంది. బన్యన్‌కు జవాబు చెప్పిన వృద్ధుడు దుష్టుడు కాడు. తనది కాని తీర్పును పలికాడు, అంతే. ఈ వాక్యాన్ని వ్యాఖ్యానించే ప్రతివారూ దానిని ముందుగా తమకే అన్వయించుకోవడం న్యాయం.