సత్యభామ జడ

రుషికొండ తీరమున ఒక సాయంకాలము ఇసుకలో కూర్చుండి యుండగా కొంతదూరమున ఏదో చలనచిత్రపు షూటింగు జరుగుచుండెను; ఆ కొండయు, వంపు తిరిగిన ఆ కడలియంచును కెమెరాలకు కొత్తవి కావు. జనమంతయు అటు పోవుచుండ, ఇటువైపు ఇద్దరు హిజ్రాలు కుటుంబములు కూర్చున్న చోట్లకు వచ్చి, చప్పట్లు చరచి, బిడ్డలను దీవించి చేయి చాచుచుండిరి. నా ప్రక్కనున్న ఒక తండ్రి తన పసిబిడ్డ తలపై వారిలో ఒకరు చేయి పెట్టుటకు అడ్డు చెప్పలేదు, పది రూపాయల నోటును కూడ ఇచ్చెను. కాని ఆ ఇచ్చునంతసేపు అతని చూపు సముద్రము మీదనే యుండెను. దీవెన కావలెను, దీవించు ముఖము అక్కరలేదు. మళ్లించుకొన్న ఆ చూపు నన్ను చాలదినములు విడువలేదు. ఏలయన తెలుగువారము ఒకప్పుడు ఇట్టి రూపమునే తెల్లవార్లు రెప్పవాల్చక చూచినవారము.

1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు రంగస్థలముపై సత్యభామయై, రోషనారయై, మధురవాణియై నిలిచినప్పుడు, ఆయన పురుషుడన్న మాట నాటకము ముగియుదాక తమకు గుర్తునకే రాలేదని మా ఇంటి పెద్దలు చెప్పగా విన్నాను. 1956లో ఆయనకు పద్మశ్రీ లభించినది. కూచిపూడిలోనైతే ఇది ఒక్క నటుని ప్రతిభ కాదు, ఊరి వ్రతము. ఆ అగ్రహారమున పుట్టిన ప్రతి బాలుడును జీవితమున ఒక్కమారైనను భామవేషము కట్టవలెనని సిద్ధేంద్రయోగి కట్టడి చేసెనని సంప్రదాయము. ఒక్కమారుతో తీరవలసిన ఆ వ్రతమును వేదాంతం సత్యనారాయణశర్మగారు జీవితమంతయు పట్టిరి. భామకలాపమున భామ ముఖము కనబడుటకు ముందే జడ కనబడును. తెర వెనుకనుండి ఆమె దానిని ఇవతలికి వేయును. అది సభలోని విద్వాంసులెల్లరకు సవాలు.

ఈ వ్రతమునకు మూలము మధురభక్తి. పరమాత్మ యొక్కడే పురుషుడు, జీవులెల్లరు స్త్రీలే యనునది దాని పట్టు. కావున మగపిల్లవానికి చీర కట్టి జడ వేయుటలో వాని స్వరూపమును వానికి చూపుట యను భావమున్నది. శ్వేతాశ్వతరోపనిషత్తు ఇంకను ముందుకు పోయి, ఆత్మకు లింగభేదమే లేదనియు, అది తాల్చిన దేహమును బట్టియే ఆ పేర్లు తగులుకొనుననియు నిర్ణయించినది. ఇక ఆలంకారికుడైన భట్టనాయకుడు సాధారణీకరణమను పేర చెప్పినదానిని నాకు తెలిసినంతలో విప్పి చెప్పెదను: రంగమున కనబడు విరహము పురాణములోని సత్యభామదిగాను, వేషము కట్టిన నటునిదిగాను, చూచుచున్న నాదిగాను మిగులక, ఎవరిదియు కానిదై అందరిదియునైనప్పుడే రసము పుట్టును. దీనిని నటునకు అన్వయించి వదలివేయుట వాడుక. నాకు మాత్రము దీని బరువంతయు ప్రేక్షకుని మీదనే యున్నట్లు తోచును. నటుడు చీర కట్టినాడు, సరే. కన్నులు చెమర్చి ముందు వరుసలో కూర్చున్న రైతు ఆ క్షణమున ఎవరు? మీసమున్న ఆ మనిషి కృష్ణుని రాకకై ఎదురు చూచుచు లోలోపల భామయై యున్నాడు.

రసము అలౌకికము, దానిని లోకవ్యవహారమునకు లాగరాదని అభినవగుప్తుని పక్షమున ఎవరైన ఆక్షేపింపవచ్చును. ఈ ఆక్షేపణ చిన్నది కాదు. కాని లోకము వ్యవహారమున ఏమి చేసినదో కూడ చూడవలెను. స్థానంవారి యౌవనకాలముననే, 1919లో, హైదరాబాదు రాజ్యమున నపుంసకులను గూర్చిన చట్టమొకటి పుట్టినది. వారి పేర్లు రిజిస్టరున కెక్కవలెను. పేరెక్కినవారు స్త్రీవస్త్రములతో, నగలతో వీధిలో కనబడినను, బహిరంగముగా ఆడిపాడినను వారంటు లేకయే పట్టి రెండేండ్ల వరకు చెరలో నుంచవచ్చును. తెలంగాణ ఉన్నత న్యాయస్థానము ఆ చట్టమును 2023లో గాని కొట్టివేయలేదు. సంస్కరణ బుద్ధితోనే వచ్చిన 1947 నాటి మద్రాసు దేవదాసి చట్టము, గోదావరీ తీరమున భామకలాపమును తరతరములుగా ఆడిన కలావంతుల స్త్రీలకు గుడిలో ఆడుటను నిషేధించినది. అగ్రహారపు బాలునకు వ్రతమైన జడయే కలావంతుల ఆడుదానికి నిషేధమును, హిజ్రాకు నేరమును ఆయెను.

ఎంత ఆలోచించినను నాకు కనబడు కారణమొక్కటే: రంగు తుడుచుకొనుట. స్థానంవారు నాటకము ముగియగానే పురుషుడై ఇంటికి పోవుదురు. 1963లో వచ్చిన నర్తనశాలలో నందమూరి తారక రామారావుగారు ధరించిన బృహన్నలకు సైతము శాపపు గడువు ఒక్క యేడాదియే. అది తీరగానే గాండీవము చేతికి వచ్చును. ఇట్లు తిరిగివచ్చు వానిని ప్రేక్షకుడు మన్నించును, పూజించును. తిరిగిరానిదానిని, రంగు తుడిచిన తరువాత చూపుటకు లోపల వేరొక ముఖము లేనిదానిని, అతడు చూడజాలడు. ఆమె నిజమైనచో, ముందు వరుసలో కూర్చుండి తాను పొందినది కూడ నిజమే కావలసి వచ్చును. తరువాతి కాలపు చిత్రములనేకము ఈ భయమును నవ్వుగా మార్చి అమ్ముకొన్నవి. దానిని గూర్చి ఎక్కువ వ్రాయుటకు నాకు మనసొప్పదు.

రుషికొండ దాటి భీమిలి దారిలో పోయినచో తొట్లకొండపై రెండువేల యేండ్ల నాటి బౌద్ధారామ శిథిలములున్నవి. ఆ ఇటుకగోడల నడుమ నడచునపుడెల్ల నాకు బౌద్ధభిక్షుణి సోమాథేరి కథ జ్ఞప్తికి వచ్చును. ఆడుదానికి జ్ఞానమెక్కడిదని మారుడు అడ్డగింపగా, తాను స్త్రీననియో పురుషుడననియో తలచువారి యొద్దకు పోయి ఆ మాట చెప్పుకొమ్మని ఆమె వానిని పంపివేసినదట. ఇంతకాలమును ఆ కథను ఆమె విజయముగానే చదువుకొంటిని. మారుడు ఆ తరువాత ఎవరి యింటికి పోయెనో విచారింపలేదు. ఆ సాయంకాలము అతడు నా ప్రక్కనే కూర్చున్నట్లు ఇప్పుడు తోచుచున్నది. ఆ తండ్రి చూపు ఎటున్నదో అంత శ్రద్ధతో కనిపెట్టిన నేనును దీవించినామె ముఖమును చూడలేదు.

చీకటి పడుచుండగా షూటింగు దీపములు వెలిగినవి. ఆ హిజ్రాలిద్దరును జనమును విడిచి తడి ఇసుక దాక పోయిరి. గాలికి రేగిన జడను ఒకామె విప్పుకొని కూర్చుండగా, రెండవ ఆమె వెనుక మోకాళ్లపై నిలిచి, దానిని మూడు పాయలు తీసి, తొందరలేక అల్లుచుండెను. జడ ముగిసి ఆమె ఇటు తిరుగువరకు నేను అక్కడనే కూర్చుంటిని.