ఉపగ్రహానికి వేడి కనిపిస్తుందా?

ఎండాకాలంలో నేల నుంచి గాలిలోకి ఎంత వేడి పోతోందో ఉపగ్రహం చూసి చెబుతుందంటారు. ఆ జ్ఞానం ప్రత్యక్షమా (నేరుగా చూసినదా), అనుమానమా (గుర్తును బట్టి తేల్చినదా) అన్నది తర్కశాస్త్రం అడగవలసిన ప్రశ్న. సెన్సరుకు అందేవి నేలా చెట్లూ వెదజల్లే పరారుణ కిరణాలు, ముఖ్యంగా 8 నుంచి 14 మైక్రోమీటర్ల మధ్యవి. వాటి నుంచి ఉపరితల ఉష్ణోగ్రతను, దాని నుంచి గాలికి చేరే వేడిని లెక్కగడతారు. అంటే అనుమానం మీద అనుమానం.

ఉదాహరణకు బస్తర్ చూద్దాం. అది ఎడారి కాదు, వానలు బాగా పడే సీమ. అయినా అక్కడ మర్హాన్ అని పిలిచే ఎగువ మెట్టలు ఏప్రిల్‌కల్లా ఎండిపోతాయి. 2013లో కక్ష్యలోకి వెళ్లిన లాండ్‌శాట్-8 థర్మల్ సెన్సరుకు 100 మీటర్ల గడి ఒక చుక్క. అందులో నాలుగు ఇప్పచెట్లు, సామలు కోసిన మోళ్లు, మిగిలినదంతా ఎర్రమొరం ఉండవచ్చు. మొరం కాగిపోతుంది, ఆకులు గాలి ఉష్ణోగ్రతకు దగ్గరగానే ఉంటాయి. రెంటికీ కలిపి వచ్చేది ఒకే అంకె.

ఉపరితలం ఎంత వేడెక్కితే గాలికి అంత వేడి చేరుతుందన్న వ్యాప్తి, అంటే అనుమానానికి ఆధారమైన నియమం, ఇక్కడే చెడుతుంది. 17వ శతాబ్దపు ఆంధ్రుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఇలాంటి దోషాన్నే చూపాడు. నిప్పును బట్టి పొగ ఉందనడం చెల్లదు. కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే తడికట్టె కావాలి. ఆ తడికట్టెను, అంటే చెప్పకుండా దాగిన షరతును, ఆయన ఉపాధి అన్నాడు.

మెట్టనేల మీద ఉపాధి గాలి నిరోధం, అంటే వేడి నేల నుంచి గాలిలోకి పోవడానికి ఎదురయ్యే అడ్డు. గాలి ఘనమీటరు ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 1200 జౌళ్లు పడతాయి. నేలకూ గాలికీ తేడా 10 డిగ్రీలై, నిరోధం మీటరుకు 50 సెకన్లయితే చదరపు మీటరుకు 240 వాట్లు పోతాయి. నిరోధం 100 అయితే 120 వాట్లే. ఉష్ణోగ్రత మాత్రం రెండుసార్లూ ఒకటే. మొక్కల మధ్య ఖాళీనేలను గాలి సరిగా తాకదు. దాన్ని పట్టించుకోని లెక్కలో వేడి ఎక్కువగా తేలుతుంది. నేలకు అందిన శక్తిలో ఈ వేడి పోగా మిగిలిన దాన్ని బట్టే ఆవిరయ్యే నీటిని లెక్కకడతారు కనుక ఆ నీరు తక్కువగా తేలుతుంది.

1995లో నార్మన్, కుస్తాస్, హ్యూమ్స్ నేలను, ఆకులను విడదీసి, ఒక్కోదానికి వేరే నిరోధం పెట్టి లెక్కించే పద్ధతి ఇచ్చారు. అనుమానం ప్రత్యక్షంగా మారలేదు. దాగిన ఉపాధి బయటికొచ్చింది, అంతే. ఆ పద్ధతి కూడా పచ్చదనానికి నీరు చాలినంత ఉందన్న ఊహతోనే మొదలవుతుంది. ఫలితం పొసగకపోతే ఆ ఊహను తగ్గించుకుంటూ పోతుంది. మే నెల మెట్టల మీద ఆ దిద్దుబాటే కీలకం.

ఇక ప్రామాణ్యం, అంటే జ్ఞానం నిజమైనదేనన్న నిశ్చయం. జ్ఞానం తనంతట తానే ప్రమాణమని మీమాంసకులు, మరొకదానితో రుజువు కావాలని నైయాయికులు. ఉపగ్రహపు లెక్కను నేలమీది గోపురాల్లో గాలి సుడులను కొలిచే పరికరాలతో సరిచూస్తారు. వాటి జమాఖర్చులోనూ తరచు 10 నుంచి 30 శాతం శక్తి లెక్కకు రాదు. పరీక్షించేదాన్ని ఎవరు పరీక్షించాలి? నైయాయికుల జవాబు ఫలం వైపు చూపుతుంది: నీరనుకున్నది దాహం తీరిస్తే అది నీరే. ఆవిరైందని లెక్క చెప్పినంత తేమ మట్టిలో నిజంగా తగ్గిందా అన్నదే ఇక్కడ ఆ పరీక్ష.