కాలువ నీళ్లకు పుణ్యం ఉందా?

కార్తీకమాసంలో ఒక మనిషి బెజవాడ నుంచి దక్షిణంగా మద్రాసుకు మోటారు లాంచీలో బయలుదేరాడనుకుందాం. తెల్లవారకముందే స్నానం చేసి దీపం పెట్టుకునే నియమం అతనిది. మొదటిరోజు సీతానగరం రేవులో మునుగుతాడు. అది కృష్ణ, ఎవరికీ పేచీ లేదు. లాంచీ కొమ్మమూరు కాలువలోకి తిరిగి దుగ్గిరాల లాకులు దాటుతుంది. ఇప్పుడతను మునిగేది నదిలోనా, మనుషులు తవ్విన గాడిలోనా? సుమారు 113 కిలోమీటర్లు సాగాక పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువ అందుకుంటుంది. అక్కడి నుంచి మద్రాసు దాకా మరో 316 కిలోమీటర్లు ఉప్పునీళ్లు, ఆటుపోట్లు, మధ్యలో పులికాట్ సరస్సు. పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని తాకకూడదంటుంది శాస్త్రం. మరి ఒడ్డు దాటి లోపలికొచ్చిన ఆ సముద్రపు నీళ్ల సంగతేమిటి?

ఈ రోజుల్లో ఆ దారిన అంతదూరం లాంచీ పోలేదు, చాలాచోట్ల పూడిపోయింది. ఒకప్పుడు మాత్రం తెరచాప పడవలు, గట్టు మీద నడుస్తూ తాడుతో లాగే పడవలు ఉప్పునూ ధాన్యాన్నీ మనుషులనూ ఈ కాలువల మీదే చేరవేశాయి. ఆ మనుషుల్లో నిత్యస్నానం, సంధ్యావందనం తప్పనివాళ్లూ ఉండి ఉంటారు. ప్రశ్న వాళ్లకు కొత్తది కాదు.

కంకిపాడు వాళ్లకైతే లాంచీ ఎక్కకుండానే ఈ ప్రశ్న ఎదురవుతుంది. బెజవాడ నుంచి బందరు వెళ్లే దారిలోని ఈ ఊళ్లో చాలామందికి కూతవేటు దూరంలో ఉన్నది కృష్ణ కాదు, కాలువ. ప్రకాశం బ్యారేజీ దగ్గర నదిని విడిచిన నీళ్లు ఏలూరు, రైవస్, బందరు కాలువలై పొలాలకు పోతాయి. డెల్టా ఆడవాళ్లు కార్తీకంలో ఈ కాలువ రేవుల్లోనే తలమునిగి స్నానం చేస్తారు. నెల ముగిశాక పోలి పాడ్యమినాడు అరటి దొప్పల్లో దీపాలు పెట్టి ఈ నీళ్లలోనే వదులుతారు. పంపుషెడ్డు దగ్గర వరి చేలోకి మళ్లే ఆ నీళ్లకు నది హోదా ఉందా?

ధర్మశాస్త్రాలు నీళ్లకు మెట్లు కట్టాయి. ఇంట్లో కాచిన నీళ్లకంటే నుయ్యి మేలు, నూతికంటే చెరువు, చెరువుకంటే నది, నదికంటే సంగమం. నది అంటే ఏమిటో కొలత కూడా చెప్పాయి. ఎనిమిది వేల ధనుస్సుల దూరమైనా పారని ప్రవాహం నది అనిపించుకోదు, అది గుంటతో సమానం. ధనుస్సంటే నాలుగు మూరలు, ఆరడుగులు. ఆ లెక్కన నది కావడానికి పద్నాలుగున్నర కిలోమీటర్లు పారితే చాలు. కొమ్మమూరు కాలువ అంతకు ఏడున్నర రెట్లు పారుతోంది! పొడవు ఒక్కటే చూస్తే కాలువ సునాయాసంగా నెగ్గుతుంది. కానీ శాస్త్రం అక్కడితో వదలలేదు. ఎవరు తవ్వారు అని కూడా అడిగింది.

అసలు చిక్కు ఇదే. పరులు తవ్వించిన నీటి వనరులో స్నానం చేయవద్దనీ, చేస్తే తవ్వించినవాడి పాపంలో కొంత భాగం స్నానం చేసినవాడికి అంటుతుందనీ మనుస్మృతి అంటుంది. నదుల్లో, దేవతలు తవ్వినవనుకునే సహజమైన మడుగుల్లో, ఊటల్లో మునగమంటుంది. యాజ్ఞవల్క్యస్మృతి కాస్త దారి చూపింది. పరుల నీటిలో దిగేవాడు ముందు ఐదు ముద్దల మట్టి పైకి తీసి అప్పుడు మునగాలి. చదివినకొద్దీ ఎంత లోతైన నియమమో అనిపిస్తుంది. ఒకరి శ్రమతో వచ్చిన నీటిలో ఉచితంగా పుణ్యం సంపాదించడం కుదరదు. ఐదు ముద్దల పూడిక తీశావంటే తవ్వకంలో నీకూ చేయి ఉన్నట్టే, అప్పుడా నీళ్లు పరాయివి కావు.

మరి ఈ కాలువలను తవ్వింది ఎవరు? బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా 1852లో మొదలై 1855లో పూర్తయిన ఆనకట్ట వెనక సర్ ఆర్థర్ కాటన్ ఆలోచన ఉంది, కెప్టెన్ ఛార్లెస్ ఆర్ పర్యవేక్షణ ఉంది. బకింగ్‌హాం కాలువ 1806లో మద్రాసు, ఎన్నూరుల మధ్య ఒక వ్యాపారి తవ్వించిన చిన్న కాలువతో మొదలైంది. దానికి తర్వాత స్థిరపడిన పేరు 1875 నుంచి 1880 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాందే. అందులో కొంత భాగాన్ని 1877-78లో కరువు పనిగా తవ్వించారు.

కరువు పని అన్న మాటను తొందరగా దాటిపోకూడదు. 1876-78 కరువు దక్షిణ భారతంలో లక్షల ప్రాణాలను తుడిచేసింది. సహాయ పనుల్లో చేరిన మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని 1877లో ప్రభుత్వం తరఫున సర్ రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. ఎండిన డొక్కలతో పలుగూ పారా పట్టినవాళ్లకు ఆ కూలి చాలదన్న విమర్శ అప్పుడే వచ్చింది. నీటిలో మునిగినవాడికి తవ్వించినవాడి పాపంలో వాటా ఉందన్న మాట నిజమైతే, ఆ ఉప్పు కాలువలో స్నానం చేసినవాడు పంచుకునేది చిన్న బరువు కాదు. తవ్వినవాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

అయితే ఆ వాటా రెండువైపులా పనిచేస్తుంది. చెరువు తవ్వించడాన్ని తెలుగువాళ్లు సప్తసంతానాల్లో ఒకటిగా లెక్కించారు, కొడుకుతో సమానమన్నారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొరను గోదావరి ఒడ్డు పండితులు స్నాన సంకల్పంలో తలచుకున్నారని ఆ సీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. క్రైస్తవ విశ్వాసంలో గట్టివాడైన ఒక ఇంజినీరుకు వైదిక సంకల్పంలో చోటు దక్కడం ఏ స్మృతికారుడూ ఊహించని సంగతి. తవ్వించినవాడి పాపం అంటుతుందని భయపెట్టిన ఆ తర్కమే, పుణ్యాన్ని పంచుకోవడానికీ దారి ఇచ్చింది.

ఈ తరానికి ఇంకా పెద్ద ఉదాహరణ కళ్లముందే ఉంది. పట్టిసీమ దగ్గర మోటార్లతో ఎత్తిపోసిన గోదావరి నీళ్లు పోలవరం కుడికాలువ ద్వారా 2015లో ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిశాయి. ఆ చోటుకు పవిత్ర సంగమం అని పేరు పెట్టారు. మరుసటి ఏడు ఆగస్టు 12 నుంచి 23 వరకు జరిగిన కృష్ణా పుష్కరాల్లో జనం అక్కడ స్నానాలు చేశారు. శాస్త్రం సంగమానికి నదికంటే పైమెట్టు ఇచ్చింది. ఈ సంగమాన్ని కలిపింది భూమి వాలు కాదు, కరెంటు మోటార్లు. అయినా మొక్కినవాళ్ల మొక్కులో లోటేమీ కనిపించలేదు. పట్టిసీమ నీళ్లు వదిలిన రోజుల్లో కంకిపాడు కాలువ రేవులో మునిగినవాళ్లకు రెండు నదుల స్నానం ఒకేచోట దక్కిందనడానికి అడ్డేముంది?

2017 నవంబరు 12, కార్తీక ఆదివారం. ఆ సంగమం దగ్గర హారతి చూడాలని భవానీ ద్వీపం వైపు నుంచి పడవలో వెళ్లినవాళ్లలో ఇరవై మందికి పైగా నీటిలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. మనిషి చేసిన తీర్థంలో భారం కూడా మనిషిదే. ఎంతమందిని ఎక్కించారు, పడవకు అనుమతి ఉందా, ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉందా అన్నవి సంకల్పంలోకి రాని ప్రశ్నలు కావచ్చు. పుణ్యపాపాల లెక్కలోకి రానివి మాత్రం కావు.

పండితుల వాదన ఎటు పోయినా, ఇంటి ఆడవాళ్లు ఈ తగవును ఎప్పుడో పోలి కథలో తీర్చేశారు. అత్తగారు మిగతా కోడళ్లను వెంటబెట్టుకుని నదికి పోయింది. చిన్నకోడలు పోలిని ఇంటి పనికి వదిలేసింది. పోలి నూతి నీళ్లతో స్నానం చేసింది. పెరట్లో రాలిన పత్తితో వత్తి చేసి, కవ్వానికి అంటిన వెన్నతో దీపం వెలిగించి, అత్త కంట పడకుండా బుట్ట బోర్లించింది. విమానం దిగింది ఆమె కోసం. నెలంతా నదిలో మునిగినవాళ్లు ఆమె కాళ్లు పట్టుకుని వేలాడాల్సి వచ్చింది. శాస్త్రం మెట్లలో నుయ్యి ఎక్కడుందో తెలిసి కూడా ఈ కథను ప్రతి ఏటా చెప్పుకుంటున్నారు, అదీ దీపాలను కాలువలో వదిలే రోజున.

స్నానానికి ముందు చేసే ఆవాహన తీరూ ఇదే. ఉన్న నీటిలోకి ఏడు నదులను పేరుపేరునా పిలుస్తారు. ఆ ఏడింటిలో గోదావరి ఉంది, కృష్ణ లేదు. కృష్ణ నీటిలో నిలబడి కృష్ణ పేరు లేని పిలుపుతో స్నానం చేస్తున్న డెల్టా వాళ్లకు, నీటి పవిత్రత పుట్టుకలో కంటే పిలుపులో ఉందని వేరే చెప్పాలా? కాలువ తీర్థమే. కాకపోతే నదిలాగా అది ఊరికే తీర్థం కాదు. పిలిచినవాళ్లు, తవ్వినవాళ్లు, బాగుచేసేవాళ్లు ఉన్నంతవరకే తీర్థం.

కాలువల్లో ఇప్పుడు గుర్రపు డెక్క పరుచుకుంటోంది. ఊళ్ల మురుగు, ప్లాస్టిక్ సంచులు కలుస్తున్నాయి. నీటిలో మలమూత్రాలు, ఉమ్ము, విషం వేయకూడదని మనుస్మృతే చెప్పింది. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న ఈ కాలువల దారిని 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. లాంచీ మళ్లీ దక్షిణానికి పోవాలంటే ముందు పూడిక తీయాలి. యాజ్ఞవల్క్యుడు స్నానానికి పెట్టిన షరతూ అదే. కార్తీకంలో రేవుకు వచ్చేవాళ్లను మునిగేముందు ఐదు దోసిళ్ల బురదో, ఐదు మొక్కల గుర్రపు డెక్కో గట్టుకు చేర్చమని పురోహితులు అడగవచ్చు. కొత్త ఆచారమేమీ పెట్టనక్కర్లేదు, వాళ్ల గ్రంథాల్లో ఉన్నదే.