ముప్పై ఐదో వంతు

యుద్ధాన్ని అసహ్యించుకునే మనిషి యుద్ధట్యాంకు నమూనా కడుతూ సంతోషపడొచ్చా? "బొమ్మే కదా" అనేది అందరికీ తోచే జవాబు. అది నాకు చాలడం లేదు. నేను కడుతున్నది 1944 నాటి సోవియట్ భారీ ట్యాంకు ఐఎస్-2కి ముప్పై ఐదో వంతు నమూనా. ఈ పనిలో ఉన్న సరదా అంతా ఖచ్చితత్వంలోనే ఉంది. ఒక బోల్టు అర మిల్లీమీటరు పక్కకి జరిగితే నిద్రపట్టని వాడు, ఎవరైనా నిలదీయగానే "బొమ్మే కదా" అని తప్పించుకోవడం కుదరదు.

ముప్పై ఐదు అన్న అంకె ఏ సైన్యమూ నిర్ణయించింది కాదు. 1960ల మొదట్లో జపాన్ కంపెనీ తమియా, జర్మన్ పాంథర్ ట్యాంకు బొమ్మని మోటారుతో తయారుచేస్తూ, లోపల బ్యాటరీలు పట్టేలా సైజు చూసుకుంది. లెక్కేస్తే అది సుమారు ముప్పై ఐదో వంతు అయింది. తర్వాత మిగతా కంపెనీలూ ఆ దారే పట్టాయి. అసలు ట్యాంకు ఫిరంగితో కలిపి దాదాపు 10 మీటర్ల పొడవు, 46 టన్నుల బరువు. నా బల్ల మీద పొడవు 28 సెంటీమీటర్లు. బరువుకి లెక్క వేరు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కాబట్టి 46 టన్నుల్ని 42,875తో భాగించాలి. కిలోకి కాస్త పైన వస్తుంది. ప్లాస్టిక్‌ది అంత కూడా తూగదు. పొడవు ఒక రకంగా, బరువు ఇంకో రకంగా తగ్గుతున్నప్పుడు, ఈ ట్యాంకు చేసిన పని ఏ లెక్కన తగ్గుతుంది?

ఈ పనిలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం బురద వేయడం. దానికి పుస్తకాలు చూడక్కర్లేదు. చెరుకుపల్లిలో దమ్ముల రోజుల్లో పొలం నుంచి రోడ్డెక్కిన ట్రాక్టర్‌ని చూస్తే చాలు. చక్రాల దగ్గర నల్లగా, తడిగా, ముద్దలు ముద్దలుగా ఉంటుంది. పైకి పోయేకొద్దీ ఎండి, బూడిదరంగుకి తిరిగి, అంచుల్లో పెచ్చులు లేస్తుంది. దాన్ని చూసి రంగులు కలుపుకున్నాను. బురదే కాదు, తుప్పు, మసి, గీరుకుపోయిన పెయింటు, ఇంజను దగ్గర కారిన నూనె, అన్నీ వేస్తాం. నెత్తురు మాత్రం వేయం. ఎవరైనా వేస్తే తోటివాళ్ళే "ఛ, ఇదేం అభిరుచి" అంటారు. అది మర్యాదే, కాదనను. కానీ ఆ మర్యాద వల్ల ట్యాంకు దున్నడానికి వెళ్ళొచ్చిన బండిలా కనిపిస్తుంది.

మా బాబాయ్ దగ్గర ఇంకా గట్టి జవాబే ఉంది. ఐఎస్ అంటే ఇయోసిఫ్ స్టాలిన్ అని చెప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది. ఆయన తరంలో మా వైపు పిల్లలకి స్టాలిన్ అని పేరు పెట్టుకోవడం వింతేమీ కాదు. "ఏరా, హిట్లర్ని కొట్టిన బండి ఇది. దీనికి దోషమేంటి?" అన్నాడు. రష్యాలో ఈ వరసలో తర్వాత రావాల్సిన ట్యాంకుకి 1953లో స్టాలిన్ పోయాక ఆ పేరు తీసేసి, టీ-10 అన్నారు. మా వైపు స్టాలిన్‌లు మాత్రం అలాగే ఉన్నారని చెబితే నవ్వాడు. కానీ తన మాట వెనక్కి తీసుకోలేదు. తీసుకోవాల్సిన అవసరమూ లేదు. నాజీల్ని ఎవరో ఒకరు ఆపాలి, ఆపారు. 1945 జనవరి 27న ఆష్విట్జ్ చేరి, అక్కడ మిగిలినవాళ్ళని విడిపించింది ఎర్రసైన్యమే.

ఆ మాట ఒప్పుకున్నాక కూడా ఒక ముక్క నా చేతిలో మిగిలిపోతోంది. ఐఎస్-2లో నలుగురు ఉండేవారు. డ్రైవరు ముందు భాగంలో, మధ్యన, ఒక్కడే కూర్చుంటాడు. అతని తల మీద తలుపు లేదు. బండి అంటుకుంటే టరెట్ దారిన పాకి బయటపడాలి, లేదా సీటు వెనక నేలలో ఉన్న చిన్న తలుపు తెరుచుకోవాలి. నమూనా కట్టేవాడికి దాని అర్థం, అతికించాల్సిన ముక్క ఒకటి తగ్గిందని. లోపలంతా ఖాళీ. ఇవాన్, అలెక్సాండ్రా బోయ్కో అనే దంపతులు 50,000 రూబుళ్ళు ప్రభుత్వానికిచ్చి, ఆ డబ్బుతో కట్టిన ట్యాంకులో తామే యుద్ధానికి వెళ్తామన్నారు. 1944లో వాళ్ళకి ఐఎస్-2 ఇచ్చారు. ఆమె కమాండరు, అతను డ్రైవరు. తలుపు లేనిచోట భర్త, పైన భార్య. ఆ సంగతి తెలిశాక నా టరెట్ కింద ఖాళీని ఖాళీగా చూడలేకపోతున్నాను.

ఫిరంగికి అవతలివైపు మనుషుల సంగతి మార్కింగుల దగ్గర వస్తుంది. ఆకుపచ్చ రంగేసి, ఏ గుర్తూ లేకుండా వదిలేయొచ్చు. లేదా టరెట్ చుట్టూ తెల్ల పట్టీ వేయొచ్చు. ఆ పట్టీ పడితే అది బెర్లిన్, 1945 వసంతం. తమవాళ్ళ విమానాలు పొరపాటున బాంబులెయ్యకుండా అప్పట్లో వేసుకున్న గుర్తు అది. ఆ ఊళ్ళోనే హిట్లర్ రాజ్యం ముగిసింది. గెలిచిన సైనికుల చేతుల్లో ఎందరో ఆడవాళ్ళు మానభంగాలకి గురైందీ ఆ ఊళ్ళోనే. ఒకటి చెప్పి రెండోది దాచడానికి ఆ పట్టీ ఒప్పుకోదు.

గుర్తులేని ట్యాంకే మేలు, ఎవర్నీ నొప్పించదు అనుకునేవాణ్ణి. ఇప్పుడు తిరగబడి ఆలోచిస్తున్నాను. పేరూ, ఊరూ, తేదీ లేని ట్యాంకు వట్టి బలం మాత్రమే. బలాన్ని ఊరికే ముద్దుచేయడం కన్నా ప్రమాదం లేదు. తేదీ పడ్డాక మాత్రం అది ఎవర్ని విడిపించిందో, ఎవర్ని తొక్కిందో చెప్పాల్సి వస్తుంది. బోల్టు విషయంలో ఉన్న పంతం ఇక్కడ కూడా ఉంటే, ఈ పనిలో సంతోషపడే హక్కు నాకు ఉందనుకుంటాను. అక్కడ లేకపోతే మిగతా ఖచ్చితత్వమంతా షోకే.

టరెట్‌కి టేపు చుట్టాను. తెల్లరంగు పలచగా కలిపి, రెండు కోట్లు వేయాలి. ఎవరైనా ఈ పట్టీ ఎందుకని అడిగితే, రెండు సంగతులూ చెబుతాను. బాబాయ్‌కి కూడా.