మనవాడు అనే మాట

క్రీట్ ద్వీపంలో, హెరాక్లియన్ పట్నానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో మిర్తియా అనే చిన్న పల్లె ఉంది. 'జోర్బా ది గ్రీక్' రాసిన నికోస్ కజాంట్‌జాకిస్ పేరు మీద అక్కడొక మ్యూజియం ఉంది. ఉత్తరాలు, రాతప్రతులు, ఫొటోలు, ఆయన వాడిన వస్తువులు అందులో దాచిపెట్టారు. రంగస్థల కళాకారుడు యోర్గోస్ అనెమోయానిస్ 1983లో, అంటే రచయిత శతజయంతి ఏడాది, దాన్ని నెలకొల్పాడు.

చిక్కేమిటంటే, కజాంట్‌జాకిస్ పుట్టింది మిర్తియాలో కాదు, హెరాక్లియన్‌లో. మిర్తియా ఆయన తండ్రి తరఫు వాళ్ల ఊరు. ఆ తండ్రంటే ఆయనకు భయం. 'కెప్టెన్ మిహాలిస్' నవలలోని కరకు మనిషికి మూలం ఆ తండ్రే. పెద్దయ్యాక ఆయన దేశాలు పట్టుకు తిరిగాడు. చివరి ఏళ్లు ఫ్రాన్స్‌లో గడిపి, 1957లో జర్మనీలో కన్నుమూశాడు. అలాంటివాణ్ణి పోయాక తీసుకొచ్చి తండ్రి ఊళ్లోనే కూర్చోబెట్టడం ప్రేమా? దౌర్జన్యమా?

పేరొచ్చినవాణ్ణి "మనవాడే" అనడం తేలిక. 1954లో ఆయన 'లాస్ట్ టెంప్టేషన్'ను వాటికన్ నిషిద్ధ గ్రంథాల జాబితాలో చేర్చింది. గ్రీసులో చర్చి పెద్దలు కూడా ఆయన మీద కత్తి కట్టారు. అప్పుడు మనవాడు అనాలంటే గుండె కావాలి. నూరేళ్ల పండగ నాటికి ఆ మాటకి ఖర్చేముంది?

ఇలా తీర్పు చెప్పేసి ఊరుకుందామనుకున్నాను. కానీ జోర్బా అడ్డొచ్చాడు.

జోర్బా కల్పిత పాత్ర కాదు. అసలు మనిషి పేరు యోర్గిస్ జోర్బాస్. 1917 ప్రాంతంలో పెలొపొనీస్‌లోని మాని దగ్గర, ఒక లిగ్నైట్ గనిలో ఇద్దరూ కలిసి పనిచేశారు. ఆయన 1941లో స్కోప్యేలో చనిపోయాడు. 1946లో నవల వచ్చింది. అందులో యోర్గిస్ కాస్తా అలెక్సిస్ అయ్యాడు, గని మానినుంచి క్రీట్‌కు మారింది. అంటే కజాంట్‌జాకిస్ చేసిందీ ఇదే కదా! పోయినవాణ్ణి, అడగకుండా, తన ద్వీపానికి తెచ్చుకున్నాడు. మిర్తియాది తప్పయితే ఆయనదీ తప్పే.

మరి ఆయన్ని ఎందుకు తప్పుపట్టలేకపోతున్నాం? బాకీ ఒప్పుకున్నాడు గనక, అనిపిస్తుంది నాకు. తన ఆత్మ మీద ముద్ర వేసిన కొద్దిమందిలో జోర్బా ఒకడని ముందుమాటలోనే చెప్పాడు. జోర్బా వల్ల పెరిగింది తనే అన్నాడు తప్ప, జోర్బాని తాను పెంచానని అనలేదు.

ఏ ఊరి మ్యూజియానికైనా ఇదే కొలత పెట్టొచ్చేమో. "ఈయన మావాడు" అని బోర్డు పెట్టి ఆగిపోతే అది సొంతం చేసుకోవడం. "ఈయనకి మేం బాకీ; ఆయన పడిన భయాలు, పోట్లాటలు, తప్పులతో సహా దాస్తున్నాం" అంటే అది వేరే పని. ఆ రెండో పనికి పెద్ద నగరం అక్కర్లేదు. తండ్రీకొడుకుల తగాదాని మర్చిపోని చిన్న ఊరు చాలు.