కూలిన కట్టడానికి కన్నీరు తగునా? – ఒడెసా నగరం

యుద్ధంలో మనుషులు మరణిస్తూండగా, కూలిపోయిన కట్టడం కోసం దుఃఖించడం ధర్మమేనా? మనిషి ప్రాణానికి సాటి వచ్చే రాయి ఎక్కడా లేదు. అయినా ఆ దుఃఖాన్ని అవివేకమని తోసివేయడానికి మనసొప్పదు. నల్లసముద్ర తీరంలోని ఉక్రెయిన్ రేవు పట్టణం ఒడెసాకు 2022 నుంచి ఈ ప్రశ్న నిత్యానుభవంగా మారింది.

రష్యా సామ్రాజ్ఞి రెండవ కాథరిన్ ఆజ్ఞతో 1794లో నిర్మాణం ఆరంభమైన ఈ నగరం ఒకే జాతి సృష్టి కాదు. తొలినాళ్లలో దీనిని తీర్చిదిద్దిన పాలకుడు రిషెల్యూ ఫ్రెంచివాడు. రేవు నుంచి నగరంలోకి ఎక్కే సుప్రసిద్ధ సోపానాల రూపశిల్పి బొఫో ఇటాలియన్. 1887లో వెలసిన ఒపేరా రంగశాల వియన్నా వాస్తుశిల్పులు ఫెల్నర్, హెల్మర్‌ల రచన. ఉక్రేనియన్లు, రష్యన్లు, యూదులు, గ్రీకులు ఇక్కడ ఇరుగుపొరుగుగా బతికారు. ఆ ఇరుగుపొరుగుతనం ఎల్లవేళలా నిలవలేదు. 1905లోనూ, 1941లోనూ యూదులపై జరిగిన మారణకాండలను ఈ వీధులే చూశాయి. అందమైన కట్టడాలు మనుషులను మంచివారిగా చేయజాలవన్న సత్యాన్ని ఒడెసా విషయంలో మరువరాదు.

అయితే కట్టడంలో మనం ప్రేమించేది దేనిని? 1837–1841 నడుమ నిర్మితమైన ఆ సోపానాలను పైనుంచి చూస్తే మెట్లు కనిపించవు, నడుమనున్న చదునైన అరుగులే కనిపిస్తాయి. కిందనుంచి చూస్తే అరుగులు మాయమై మెట్లే మిగులుతాయి. ఐజెన్‌స్టీన్ 1925లో తీసిన చిత్రం వాటిని ప్రపంచానికంతటికీ పరిచయం చేసింది. మొదట పరచిన ఇసుకరాయి అరిగిపోగా 1930లలో గ్రానైటు వేశారు. నేడున్నవి 192 మెట్లు. రాయి మారినా అవి వేరే మెట్లని ఎవరూ అనలేదు. తరతరాల జనం ఎక్కి దిగిన నడకే వాటికి గుర్తింపునిచ్చింది. అంటే కట్టడం విలువ మనుషుల నుంచి వచ్చిందే గాని, మనుషులకు పోటీగా నిలిచినది కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు తావుంది. 1900లో ప్రతిష్ఠించి, సోవియట్ కాలంలో తొలగించి, 2007లో తిరిగి నిలిపిన కాథరిన్ స్మారకాన్ని 2022 డిసెంబరులో నగరపాలక మండలి నిర్ణయం మేరకు తీసివేశారు. నగరమే తన స్మారకాన్ని తొలగించుకోగలిగినప్పుడు, శత్రువు కూల్చినందుకు విలపించడమెందుకు? భేదం అధికారంలో ఉంది. తన గతంలో దేనిని గౌరవించాలో ఒక సమాజం తర్కించి నిర్ణయించుకోవడం వేరు. ఆ నిర్ణయాన్ని బలప్రయోగంతో లాగుకోవడం వేరు. రూపాంతర ప్రధాన దేవాలయాన్ని 1936లో సోవియట్ ప్రభుత్వం నేలమట్టం చేసింది. స్వతంత్ర ఉక్రెయిన్‌లో తిరిగి లేచిన ఆ ఆలయాన్ని 2023 జూలై 23న రష్యా క్షిపణి దెబ్బతీసింది. ఆ ఏడాది జనవరిలోనే నగరపు చారిత్రక కేంద్రాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోనూ, ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోనూ చేర్చింది.

ఏ జాతి సాంస్కృతిక సంపదకు హాని జరిగినా అది మానవాళి మొత్తానికీ హానియేనని 1954 నాటి హేగ్ ఒడంబడిక ప్రకటించింది. భారతదేశమూ అందులో భాగస్వామియే. కాని తప్పనిసరి సైనికావసరం ఉంటే రక్షణ సడలవచ్చునని ఆ పత్రమే అంగీకరించింది. ఆ అవసరాన్ని తొలుత నిర్ణయించేది ఆయుధం పట్టినవాడే. చట్టం బలహీనపడే చోటు అదే. పాలకుల అంతఃకరణం మేలుకొని ఉండవలసిన చోటూ అదే.

ఆద్యప్రశ్నకు ఒడెసా ప్రజలు ఆచరణలోనే సమాధానం చెప్పారు. 2022లో వారు రిషెల్యూ విగ్రహం చుట్టూ ఇసుక బస్తాలు పేర్చారు. ఆ జూన్‌లో ఒపేరా రంగశాల తిరిగి తెరుచుకున్నప్పుడు, ఆశ్రయ స్థలంలో ఎందరికి చోటుందో అందరినే లోనికి అనుమతించారు. మిగిలిన ఆసనాలు ఖాళీగా ఉన్నాయి, సంగీతం మాత్రం ఆగలేదు. ప్రాణానికి ప్రథమ స్థానం ఇచ్చి, ప్రాణం దేనికోసం నిలవాలో దానినీ విడువకపోవడమే ఆ సమాధానం. ఆ వరుస తప్పనంత కాలం కూలిన కట్టడానికి కార్చే కన్నీరు ధర్మవిరుద్ధం కాదు.