ఉమ్మడి తోట – మమకారము

తనది కాని నేలపై మానవుడు శ్రద్ధతో పాటుపడగలడా? ఈ ప్రశ్నకు భిలాయి పట్టణము మంచి ఒరగల్లు. 1955లో సోవియట్ ప్రభుత్వముతో జరిగిన ఒడంబడిక ననుసరించి అచ్చట ఉక్కు కర్మాగారము వెలసినది. మొదటి బ్లాస్టు ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు ప్రారంభించిరి. తెలుగువారితోపాటు నానాప్రాంతముల వారు పనికై అచ్చట చేరిరి. కర్మాగారపు క్వార్టరు ఉద్యోగమున్నంతవరకే తమది. పెరటిలో తాము నాటిన మునగ, మామిడి తరువాత వచ్చువారి కగును.

ఇట్టి చోట కొన్ని కుటుంబములు కలిసి కూరగాయల తోట వేయదలచినచో, ముందు స్థలము గలవారి వ్రాతపూర్వకమైన అనుమతియు, నీటివసతియు కావలెను. పిదప సమానమైన మళ్లు, నీటికి వంతులు, చందా, లెక్కల పుస్తకము, మడికై వేచియున్నవారి జాబితా ఉండవలెను. ఇంగ్లండులో 1908 నాటి చట్టము, కోరిన ప్రజలకు ఇట్టి మళ్లు సమకూర్చు బాధ్యతను స్థానిక సంస్థలపై నుంచినది.

ఏర్పాటు సులభమే, ధర్మసంకటము తరువాత వచ్చును. ఒకని మడి బీడుపడినది. అందలి కలుపు పొరుగు మళ్లకు ప్రాకుచున్నది. వేరొకడు మడికై వేచియున్నాడు. బీడుపడిన మడిని తీసికొనుట క్రౌర్యమా? ఊరకుండుట దయయా?

మొదట కారణము విచారింపవలెను. అతడు రోగపీడితుడైనచో, ఇరుగుపొరుగువారు ఒక పంటకాలము ఆ మడిని సాగుచేసి, పండినది అతని యింటికే చేర్చవలెను. అది సేవ. సోమరితనమే కారణమైనచో, హెచ్చరించి, గడువిచ్చి, పిదప మడిని వేచియున్నవాని కీయవలెను. అది న్యాయము. వేచియున్నవానిని మరచిన దయ దయ కాదు, మొగమాటము. నియమము అందరకును ముందే తెలిసియుండవలెను. కార్యదర్శి చుట్టమునకు వేరు నియమము కూడదు.

“నాది యను భావము లేనిదే శ్రద్ధ యెట్లు కలుగు?” నని కొందరందురు. భిలాయి కార్మికుని చూడుడు. అతడు కరగించిన ఉక్కు రైలుపట్టాలై దేశమంతట పరచుకొన్నది. ఆ పట్టాలలో ఒక్క మూరయు అతనిది కాదు. అయినను పనిలో ఏమరుపాటు నతడు సహింపడు. శ్రద్ధకు మూలము స్వామ్యము కాదు, స్వధర్మము.

గీత మూడవ అధ్యాయమున బోధింపబడిన యజ్ఞచక్రము కూరమడిలోను తిరుగుచున్నది. వాన, ఎరువు, పొరుగువాని చేయూత కలిసిననే గాని ఒక్క వంకాయయైనను కాయదు. కావున మడి మనకు సొత్తు కాదు, వంతు. వంతు ముగిసిననాడు, తాను పుచ్చుకొన్ననాటికంటె సారవంతమైన నేలను తరువాతివాని కప్పగించువాడే నిష్కామకర్మ మర్మము నెరిగినవాడు.